నాలుగోది

పుంతా అరేనస్‌లో వసంతమంటే పూలు కాదు, గాలి.
ఆసుపత్రి వీధి మలుపులో తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.

నా గదిలో గాలి ఆడదు.
కరిగిన మైనం వాసన, ఫార్మలిన్ వాసన,
హీటరు మీద నిబాల్దో ఆరేసుకున్న మేజోళ్ళ వాసన.

మైనపు దిమ్మను అతను కత్తికి ఆనించి తిప్పుతాడు.
ఆ పొర ముందు ఉల్లిపొర దుప్పటి.
గోరువెచ్చని నీళ్ళమీద తేలేదాన్ని గాజు మీదికి ఎత్తేటప్పుడు
ఊపిరి బిగబడతాడు,
ఇరవై రెండేళ్ళుగా, ప్రతిసారీ.

చీటీ మీద ఇంతే:
ఎలియెసేర్ బర్రియెంతోస్. యాభై నాలుగు. గొర్రెల ఉన్ని కత్తిరించే పని.
ఎడమ తొడ లోపల గడ్డ, పదకొండు సెంటీమీటర్లు.
నొప్పి లేదు.

కన్ను ఆనించాను.
ఊదా, గులాబీ. వరుసా వాడీ లేని కణాలు,
సంత విడిచాక ఎవరి దారిన వాళ్ళు పోతున్నట్టు.
నడుమ జింక కొమ్ముల్లా చీలిన రక్తనాళాలు.
ఇంత అందంగా ఉండాల్సిన పనేముంది దానికి?
రంగు పరీక్షలో కేంద్రకాలన్నీ గోధుమ రంగుకి తిరిగాయి.
పేరు తెలిసింది. బుద్ధి తెలియలేదు.

వీటిలో సాధువులా కూర్చున్నది
పదేళ్ళకి ఊపిరితిత్తుల్లో తేలుతుంది.
గూండాలా కనబడ్డది కోసేస్తే
మళ్ళీ అయిపు ఉండదు.
అందుకని లెక్కపెడతాం.
పది చోట్ల వెతికి, రెండుగా చీలుతున్న కణాలెన్నో.
నాలుగైతే చెడ్డదానికింద జమ.
మూడైతే,
మూడు.

ఒకటి. రెండు.
ఏడో చోట మూడోది, అద్దంలో తన్ను తాను చూసుకుంటున్నట్టు.
తొమ్మిదో చోట ఒక నల్లటి ముద్ద.

చీలుతోందా, చస్తోందా?
చచ్చే కణమూ ఇలాగే నల్లబడి ముడుచుకుంటుంది.
పురుటికీ పాడెకీ ఒకటే ముసుగు.

కాఫీ తాగి వచ్చాను. అలాగే ఉంది.
వెలుతురు తగ్గించాను, పెంచాను.
"ఇంకాస్త లోతుకి కొయ్యి," అన్నాను నిబాల్దోతో.
కోశాడు. కొత్త పొరలో ఆ చోట ఏమీ లేదు.

మధ్యాహ్నం దారి తప్పి ఎవరో మా కిటికీ దగ్గరికొచ్చారు,
టోపీ నలుపుకుంటూ.
ఉన్ని జిడ్డుకి ఆ చేతులు పసిపిల్లల చేతుల్లా మెత్తబడి ఉన్నాయి.
"కాగితం వచ్చిందా అమ్మా? బర్రియెంతోస్.
వచ్చే నెల కత్తిరింపు మొదలు. మా జట్టు తొమ్మిదిమందిమి.
నేను రాకపోతే ఇంకొకణ్ణి చూసుకోవాలి వాళ్ళు."
వచ్చే నెలే తన పుట్టినరోజని కూడా చెప్పాడు, అడక్కుండానే.

యాభై అయిదు.
మా ప్రమాదాల పట్టికలో యాభై అయిదుకి ఒక అంకె ఎక్కువ.
గడ్డ అదే, కణాలు అవే,
కేకు కోసిన పాపానికి ఒక మెట్టు పైకి.

"గొర్రెను తొడల మధ్య ఇరికించి పట్టాలి కదా," అన్నాడు,
"అవి తన్నితే వాచిందనుకున్నా.
నాలుగేళ్ళు వాటినే తిట్టుకున్నా, పాపం."
నవ్వాడు. నేనెవరో అతనికి తెలియదు.
అతని తొడ కండ నా బల్ల మీద, నాలుగడుగుల దూరంలో.
"డాక్టరుగారే చెబుతారు," అన్నాను,
నేను డాక్టర్ని కానట్టు.

సాయంత్రం టైపు చేశాను:
మూడు. బహుశా నాలుగు.
శాంతియాగోలో ఇంకొకరి కళ్ళకి పంపుతున్నాను.
ఏది తేలినా ఛాతీ స్కానులు మానొద్దు, పదేళ్ళపాటు.

సర్జన్ ఫోన్ చేశాడు. "ఏదో ఒకటి చెప్పండి దొత్తోరా."
"చెప్పాను కదా," అన్నాను.
అతను కాసేపు మాట్లాడలేదు. లైన్లో గాలి చప్పుడు.

నిబాల్దో మేజోళ్ళు తొడుక్కుని వెళ్ళిపోయాడు.
తొమ్మిదో చోటు పక్కన గాజు మీద పెట్టిన సిరా చుక్క
ఇంకా ఆరలేదు.
దీపం ఆర్పబోయి
మళ్ళీ ఒకసారి వంగాను.